ఓడిన మగది ఎటు పోతుంది

పుంతా సోలా
సెప్టెంబర్ 3, 2023

అక్కా,

నీళ్ల ట్యాంకర్ బాల్దోమేరో శుక్రవారం వచ్చాడు. నీ ఉత్తరం, పళ్ల పాకం డబ్బా రెండూ చేరాయి. డబ్బాలో నాలుగో వంతు వాడే తినేశాడు. దారి గతుకులకి మూత ఊడిపోయిందట. నమ్మినట్టు తలూపాను. వాడు అలిగితే నాకు నీళ్లూ ఉండవు, ఉత్తరాలూ ఉండవు.

గాలి పన్నెండు రోజులుగా ఆగలేదు. రేకుల మీద రాళ్లు పేర్చాను. ఫోన్ సంగతి మళ్లీ అడిగావు. కొండ అంచు మీద నిలబడి చెయ్యి పైకెత్తినా సిగ్నల్ రాదు. ఉన్నది మా వన్యప్రాణుల ఆఫీసు రేడియో ఒక్కటే. అందులో ఇంటి కబుర్లు మాట్లాడితే తీరమంతా వింటుంది.

ఏనుగులు ఒడ్డెక్కడం మొదలైంది. బడిలో పిల్లలకి బొమ్మల్లో చూపించేదానివి కదా, సముద్రపు ఏనుగులని. బొమ్మలో దాని వాసన రాదు, బరువు తెలియదు. మగది నాలుగు టన్నులుంటుంది. కాళ్లు లేని ఒళ్లు, పొట్ట మీద దేకుతూ వస్తుంది, రెండు బారలు పాకి ఆగి రొప్పుతుంది. ఆ వేలాడే ముక్కు మగవాటికే. ముందు అవే వస్తాయి, ఆగస్టు చివర్లో. ఆడవి రాకముందే జాగా పట్టుకోవాలి. పట్టుకున్నాక రెండు నెలలో, మూడు నెలలో తిండి లేకుండా దాని మీదే పడుంటాయి. తిండికి నీళ్లలోకి దిగితే తిరిగొచ్చేసరికి జాగా ఇంకోడిది.

మూడేళ్లుగా మధ్య ఒడ్డు ఏలుతున్న పెద్దది మళ్లీ వచ్చింది. దానికి నోటరీ అని పేరు పెట్టాను. లేవకుండానే ఎవరి హద్దు ఎంతో తేల్చేస్తుంది. తల ఎత్తి ఒక్కసారి అరిస్తే చాలు, చిన్నవి వెనక్కి దేకుతూ పోతాయి.

అన్న దగ్గు తగ్గిందా? అడిగానని చెప్పకు.

ఫెర్మీన్


దోలావోన్
సెప్టెంబర్ 11, 2023

ఫెర్మీన్,

నీ ఉత్తరంలో నాలుగు తప్పులున్నాయి. దిద్ది పంపుదామనుకున్నాను. రిటైరయ్యాక నాకు దిద్దడానికి నువ్వు తప్ప ఎవరున్నారు. కానీ ఎర్ర సిరా అయిపోయింది, బతికిపోయావు.

కాలవకి నీళ్లు వదిలారు. మన వంతు మంగళవారం తెల్లారుజామున పడింది. అది నేనే చూసుకోవాల్సి వచ్చింది. ఆ మాట రాసేశాను కాబట్టి మిగతాదీ రాస్తాను. నీ అన్న రొహేలియోకి పార ఎత్తే శక్తి లేదు. పోయిన బుధవారం త్రెలెవ్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫోటో వెలుగుకి పట్టి చూపించింది. నాకేం కనిపించలేదు, మబ్బు తప్ప. బయటికొచ్చాక నన్నొక్కదాన్నే వెనక్కి పిలిచింది. "ఈ డిసెంబర్ వేసవి దాటడం కష్టం" అంది. వాడు ఇంటికొచ్చి, "ఆవిడ మొహం చూశాను, నువ్వు చెప్పక్కర్లేదు" అన్నాడు. అంతే.

వాడు నీ కబుర్లు వింటాడు, ఫెర్మీన్. సాయంత్రం మాతే టీ కాచుకుని కూర్చున్నప్పుడు నీ ఉత్తరం గట్టిగా చదువుతాను. వాడు రేడియో మీదకి వంగి ఏదో తిప్పుతున్నట్టు నటిస్తాడు. మొన్న చదవడం అయ్యాక అన్నాడు, "ఆ నోటరీకి వయసెంత?" నాకు తెలియదన్నాను. "రాసి అడుగు" అన్నాడు. ఇరవై ఆరేళ్లలో నీకు రాయమని వాడు నాతో చెప్పిన మొదటి మాట అది.

మీ ఇద్దరికీ ఏం జరిగిందో నాకెవరూ గుర్తుచేయనక్కర్లేదు. మధ్యలో నిలబడింది నేనే. నాన్న పోయి నెల తిరగలేదు. "ఈ పొలం ఇద్దరిని మోయలేదు, ఒకడు పోవాలి" అని వాడన్నాడు. నువ్వు తోశావు. వాడు కొట్టాడు. నువ్వు రెండు పళ్లు ఉమ్మి, జేబులో వేసుకుని, రోడ్డెక్కి నడిచిపోయావు. ఆ పళ్లు ఎందుకు తీసుకెళ్లావో నాకు ఇప్పటికీ తెలియదు.

వాడు రమ్మని అడగడు. నేను అడుగుతున్నాను. రా. వచ్చేదాకా ఆ జంతువుల గురించి ఎక్కువ రాయి. వాటి దెబ్బలాటల గురించి రాయి, వాడికి అవి ఇష్టం.

కోళ్లు బాగా పెడుతున్నాయి. గుడ్లు పంపుదామంటే బాల్దోమేరో గుర్తొచ్చి మానేశాను.

ఒతీలియా


పుంతా సోలా
సెప్టెంబర్ 22, 2023

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏం రాయాలో తెలియక రెండు రోజులు ఒడ్డు మీదే తిరిగాను. వస్తాను. అక్టోబర్ మొదటి వారంలో ఆడవి పూర్తిగా ఒడ్డెక్కుతాయి, అప్పుడు లెక్క తీయాలి. ఇరవై నాలుగేళ్లుగా ఆ లెక్క నేనే తీస్తున్నాను. అది అవగానే, పదిహేనో తారీఖు దాటాక, బాల్దోమేరో బండిలో బయల్దేరతాను. ముందే వస్తున్నానని చెప్పకు. వచ్చాక చూసుకుందాం.

నోటరీ వయసు పదమూడో పద్నాలుగో ఉంటుంది. మగవాటిలో అది చాలా ఎక్కువ. నూటికి తొంభై ఆ వయసు చూడవు, చూసినా ఒక మంద దక్కించుకోవు. జీవితమంతా అంచున పడుండేవే ఎక్కువ. మంద చుట్టూ దూరంగా, నీళ్ల అంచున పడుకుని, పిల్లకి పాలు మాన్పించి సముద్రంలోకి పోతున్న ఆడదాన్ని దారికాచి అడ్డం పడతాయి. నోటరీ లాంటిది అది చూసిందంటే అంత ఒళ్లూ ఎగరేసుకుంటూ ఉరుకుతుంది. దారిలో ఏముందో చూడదు. సొంత మందలో పిల్ల అడ్డంగా ఉన్నా దాని మీదుగానే పోతుంది. నిన్న రెండు పిల్లలు అలా నలిగిపోయాయి.

దెబ్బలాట గురించి రాయమన్నావు కదా. సోమవారం పొద్దున్న దక్షిణం నుంచి ఒక కొత్తది వచ్చింది. మెడ మీద ఇంకా గాట్లు లేని ఒళ్లు, తొమ్మిదేళ్లుంటాయి. నోటరీ అరిచింది. మామూలుగా ఆ అరుపుతోనే అయిపోతుంది, ఒకటి అరుస్తుంది, ఒకటి పోతుంది. కొత్తది పోలేదు. నిలబడి విన్నది. నేనూ విన్నాను. నోటరీ అరుపు మారిపోయింది అక్కా. పోయిన ఏడాది డోలు మీద కర్ర పడ్డట్టు ఉండేది. ఇప్పుడు లోపల గాలి లేదు. నీళ్లలో బుడగలు తేలిన చప్పుడు. కొత్తదానికి ఆ సంగతి నాకంటే ముందు తెలిసిపోయింది.

రెండూ ఛాతీలు పైకెత్తి నిలబడ్డాయి, మనిషి కంటే ఎత్తు. ఒకదాన్నొకటి గుద్దుకుంటే ఇక్కడ గుడిసెలో కప్పులు కదిలాయి. పావుగంట. నోటరీ మెడ చీలి రొమ్ము దాకా ఎర్రగా అయింది. చివరికి అది తల వాల్చేసింది. తల వాల్చడమంటే ఒప్పుకోవడం. వెనక్కి దేకుతూ, మొహం కొత్తదాని వైపే ఉంచి, నీళ్ల దాకా పోయింది. కొత్తది వెంట పడి తోక దగ్గర మళ్లీ కరిచింది, పోతున్నా వదల్లేదు.

ఆడవి తల కూడా తిప్పలేదు. సాయంత్రానికి మంద కొత్తదాని మంద అయిపోయింది. ముసలిది తెలుసుకోవాలి, దాని కాలం అయిపోయిందని. ఒకసారి ఓడింది మళ్లీ ఆ ఒడ్డుకి రాదు. వచ్చినా అంచున పడుండాలి.

ఓడిన మగది ఎటు పోతుందో ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఉత్తరం వైపు చిన్న రాళ్ల ఒడ్డుంది, ఎవరికీ అక్కర్లేనిది, చాలాసార్లు అక్కడికి పోయి పడుకుంటుంది. నోటరీ ఇప్పుడు అక్కడే ఉంది, దాని పక్కన కూర్చుని రాస్తున్నాను ఇది. దాని సంగతి నాకు బాగా తెలుసు. రెండు పళ్లు జేబులో వేసుకుని ఇలాంటి ఒడ్డుకే వచ్చినవాణ్ణి కదా. ఇక్కడా బతుకు జరిగిపోయింది, అంత చెడ్డగా ఏం లేదు. ఈ మాట అన్నకి చదివి వినిపించినా పర్లేదు.

ఫెర్మీన్


దోలావోన్
సెప్టెంబర్ 30, 2023

తమ్ముడూ,

పిల్లలకి పాఠం చెప్పేముందు నేనొకసారి చదువుకుని వెళ్లేదాన్ని, ముప్పై ఏళ్లూ అలాగే చేశాను. నీ ఉత్తరం విషయంలో ఆ పని చేయలేదు. కవరు వాడి ముందే చింపి, వాడి ముందే మొదలుపెట్టాను.

లోపల గాలి లేదన్న దగ్గర వాడు రేడియో మీద చెయ్యి తీసేశాడు. ఆపాల్సింది. నేను ఆపలేదు, నోరు దాని పాటికది పోతోంది. ముసలిది తెలుసుకోవాలి అన్న మాట దగ్గర లేచి నిలబడ్డాడు.

"చాలు. అర్థమైంది."

"ఏమర్థమైంది? ఇది జంతువుల గురించి."

"నా ఊపిరి సంగతి వాడికెవరు చెప్పారు? నువ్వే. వాడు కూర్చుని దాన్ని ఇంత అందంగా రాసి పంపాడు. బడికెళ్లేటప్పుడు నాలుగు వాక్యాలు రాయలేకపోయేవాడు."

కోటు వేసుకోకుండా బయటికి పోయాడు. కాలవ తూము మీద కూర్చున్నాడు, గంటన్నర. లోపలికి రమ్మంటే, "నా జాగాలో నేను కూర్చున్నా, ఇంకా ఎవడూ రాలేదు కదా" అన్నాడు. ఆ రాత్రంతా దగ్గాడు. తర్వాత నీ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నాకొక్కటే చెప్పు. నువ్వది కావాలని రాశావా? చిన్నప్పుడు నీకా అలవాటుండేది, ఎవరినీ ఏమీ అనకుండా గోడకి చెప్పినట్టు చెప్పేవాడివి. కాదని రాస్తే నమ్ముతాను. రాయడం కంటే నువ్వే వచ్చి చెబితే మంచిది. పదిహేనో తారీఖు దాకా ఆగకు. ఆ లెక్క ఇంకెవరైనా తీస్తారు.

ఒతీలియా


పుంతా సోలా
అక్టోబర్ 5, 2023

అక్కా,

కావాలని రాయలేదు. ఏనుగుల గురించి రాయమన్నావు, చూసింది రాశాను. ఓడింది అన్న అని కాదు, నేనని రాశాను. చివరి పేరా చదివావా? చదివి ఉంటే ఈ మాట అడగవు.

ఇప్పుడు రాలేను. పదిహేనుకి కూడా రాలేనేమో. నువ్వూ ఇటు రావద్దు, ఎవరినీ రానివ్వకు. కారణం రాయకూడదన్నారు, పై నుంచి కాగితం వచ్చేదాకా. బాల్దోమేరో గేటు దగ్గరే నీళ్లు వదిలేసి వెళ్తున్నాడు.

కోళ్లను బయట తిరగనివ్వకు. గూట్లోనే ఉంచు.

ఇంతకంటే రాయలేను, చేతులు వాసనొస్తున్నాయి.

ఫెర్మీన్


దోలావోన్
అక్టోబర్ 17, 2023

ఫెర్మీన్,

నీ అన్న శనివారం మధ్యాహ్నం పోయాడు. నిన్న పూడ్చిపెట్టాము, నాన్న పక్కన. నీ ఆఫీసు నంబరుకి రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి కబురు చెప్తామన్నారు. రెండోసారి, ఒడ్డు మీద పనిచేసినవాళ్లెవరూ బయటికి రాకూడదు అన్నారు. అప్పటికి సంగతి టీవీలో వచ్చేసింది, పక్షుల జబ్బు ఏనుగులకి అంటిందని, పిల్లలన్నీ చచ్చిపోతున్నాయని. పక్కింటి గ్లాదిస్ వచ్చి, "అందుకే మీవాడు రాలేదు, పాపం" అంది. 

జరిగింది చెప్తాను. నువ్వు నీ ఉత్తరాల్లో చూసింది చూసినట్టు రాస్తావు కదా, నేనూ అలాగే రాస్తాను.

ఎనిమిదో తారీఖు, ఆదివారం. పొద్దున్నే వాడు గడ్డం గీసుకున్నాడు. పికప్‌లో పెట్రోలు పోశాడు. మాతే ఫ్లాస్కు, నాన్న దుర్బిణి ముందు సీట్లో పెట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే త్రెలెవ్, మందులకి అన్నాడు. ఆదివారం మందుల షాపులుండవని ఇద్దరికీ తెలుసు. దుర్బిణి చూసి నాకర్థమైంది. ఆపలేదు. సంతోషించాను కూడా. నీ చివరి ఉత్తరం అప్పటికింకా రాలేదు, వచ్చుంటే ఆపేదాన్ని.

అంత దూరం, ఆ గాలిలో, ఆ రాళ్ల దారిలో ఒక్కడే నడుపుకుంటూ వచ్చాడు. చీకటి పడేవేళకి తిరిగొచ్చాడు. బండి దిగలేకపోతే గ్లాదిస్ మొగుడూ నేనూ చెరో వైపు పట్టుకున్నాం. వంటింట్లో కూర్చోబెట్టాక అన్నాడు, "గేటు దగ్గర ఆపారు. లోపలికి రేడియోలో అడిగారు. ఎవరినీ పంపొద్దన్నాడు. వాడి గొంతు విన్నాను."

నీ గొంతు, ఫెర్మీన్. వాడు గేటు దగ్గర నిలబడి నీ గొంతు విన్నాడు.

మర్నాడు జ్వరం. ఆరు రోజులు. నీ చివరి పేరా సంగతి కూడా చెప్తాను. చదవలేదు. వాడు లేచిపోయాక కాగితం మడిచేశాను, మళ్లీ విప్పలేదు. నీ అయిదో తారీఖు ఉత్తరం వచ్చాక విప్పి చదివాను. అప్పటికి వాడికి మనుషులు ఆనడం లేదు. పక్కన కూర్చుని గట్టిగా చదివాను. విన్నాడో లేదో చెప్పలేను.

జబ్బని నాకు తెలుసు, నిబంధనని తెలుసు. అవన్నీ కలిపినా నాకు సరిపోవడం లేదు.

ఒతీలియా


పుంతా సోలా
అక్టోబర్ 24, 2023

అక్కా,

నీ ఉత్తరం గేటు దగ్గర నిన్న తీసుకున్నాను. ఆఫీసువాళ్లు నాకు కబురు చెప్పలేదు. రేడియో మూడు రోజులు పనిచేయలేదు, దానివల్ల కావచ్చు. నీ కాగితం మీదే తెలిసింది.

సమర్థించుకోవడానికి రాయడం లేదు. నువ్వు అన్నట్టు, చూసింది చూసినట్టు.

సెప్టెంబర్ ఇరవై తొమ్మిదిన మొదటి పిల్ల. నోట్లో నురగ, ఒళ్లంతా వణుకు. నలిగిందనుకున్నాను. మర్నాడు పదకొండు. తర్వాత రోజుకి ముప్పై, నలభై. నల్లటి పిల్లలు, పుట్టి వారం తిరగనివి. తల్లులు చచ్చినదాని పక్కనే రెండు రోజులు పడుకుని, మూడోరోజు నీళ్లలోకి పోయేవి. కొన్ని తల్లులూ పోయాయి. గాజుకళ్లద్దాలు, తెల్లటి సంచి లాంటి బట్టలు ఇచ్చారు. అవి తొడుక్కుని పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఒక్కోదాని వీపు మీద రంగు చుక్క పెట్టుకుంటూ లెక్క రాశాను. రెండుసార్లు లెక్కపెట్టకుండా ఆ చుక్క.

ఒడ్డు మీద కట్టుబాటంతా పోయింది. నోటరీని కొట్టిన కొత్తది పదిరోజులు నిలబడింది. మందలో ఆడవి వెళ్లిపోతున్న కొద్దీ అది అటూ ఇటూ ఉరికి అడ్డం పడింది, కరిచింది, మెడ మీద బరువేసి నొక్కింది. ఏం ఆగలేదు. ఒకరోజు పొద్దున్న అది కూడా లేదు. ఆ తర్వాత అంచున పడుండే కుర్ర మగవన్నీ లోపలికొచ్చేశాయి. తరిమేవాడు లేడు. మిగిలిన నాలుగు ఆడవాటి మీద పది పడ్డాయి. చచ్చిన పిల్లల మీదుగానే తిరిగాయి. ఇరవై నాలుగేళ్లలో ఆ ఒడ్డు చూసి మొహం తిప్పుకున్నది ఆ రోజే.

ఇప్పుడు ఆదివారం సంగతి. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. గేటు దగ్గర నసరేనో ఉన్నాడు, వాడు ఈ ఏడాదే చేరాడు, మన ఇంటి సంగతులేం తెలియవు. రేడియోలో, "ఒక పెద్దాయన పికప్‌లో వచ్చాడు, నీ పేరు చెప్తున్నాడు, పంపమంటావా?" అన్నాడు. "ఎవరినీ పంపొద్దు" అన్నాను. "బాగా దగ్గుతున్నాడు" అన్నాడు. "చెప్పాను కదా" అని కట్టేశాను.

ఎవరని అడగలేదు. ఒక్క మాట, అక్కా. పేరేమిటని అడిగితే నసరేనో చెప్పేవాడు. లోపలికి రానివ్వడం కుదరకపోయినా నేను గేటు దాకా నడిచేవాణ్ణి. ఇరవై మీటర్ల దూరం నుంచి మాట్లాడుకోవచ్చు, దానికి నిబంధన అడ్డు కాదు. దగ్గు అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఒక్క క్షణం. అడిగితే అవుననే జవాబు వస్తుందని భయపడ్డానో ఏమో. ఈ బట్టల్లో, ఈ చేతులతో, ఇరవై ఆరేళ్ల తర్వాత అన్న ముందు నిలబడటం ఆ రోజు నావల్ల కాదనిపించిందో ఏమో. తేల్చుకోలేకపోతున్నాను. జబ్బు మీద తోసేయవచ్చు, కానీ నీకు అబద్ధం రాయను.

నువ్వు జవాబు రాయకపోయినా నేను రాస్తూ ఉంటాను.

ఫెర్మీన్


పుంతా సోలా
సెప్టెంబర్ 25, 2024

అక్కా,

నీ జవాబు లేకుండా ఇది నాలుగో ఉత్తరం. మేలో పొలం ఇంటికొచ్చాను, గ్లాదిస్ చెప్పే ఉంటుంది. తలుపు తీయలేదు నువ్వు. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. సమాధి దగ్గర కాసేపు కూర్చుని వెళ్లిపోయాను.

ఈ ఏడాది ఏనుగులు వచ్చాయి. మగవి దాదాపు మామూలుగానే వచ్చాయి. ఆడవి రాలేదు. పోయిన ఏడాది ఇదే తేదీకి ఈ ఒడ్డున నూట నలభై ఉన్నాయి. ఇవాళ పొద్దున లెక్క ముప్పై ఎనిమిది. అవి కూడా ఒకే మూల పోగయ్యాయి, రెండు పెద్ద మగవాటి దగ్గర.

మధ్య ఒడ్డులో ఒక మగది ఉంది. నోటరీ కాదు, అది మళ్లీ కనిపించలేదు. ఇది వేరేది, బాగా బలిసింది, మంచి వయసు. ఆగస్టు ముప్పైన వచ్చి పడుకుంది. దాని చుట్టూ నలభై మీటర్లు ఖాళీ రాళ్లు. ఒక్క ఆడది లేదు. అయినా ఎవరైనా దగ్గరికొస్తే తల ఎత్తి అరుస్తుంది, రెండుసార్లు కొట్టుకుంది కూడా, గెలిచింది. గెలిచి మళ్లీ అక్కడే పడుకుంది. ఇరవై ఆరు రోజులైంది తిండి తిని. ఒళ్లు తగ్గి మడతలు పడుతోంది. ఆడవి ఉన్న మూలకి పోయి కొట్లాడొచ్చు, ఆ బలం దానికుంది. పోదు. ఎందుకు పోదో నాకు తెలియదు. త్రెలెవ్ నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లని అడిగాను, వాళ్లూ తెలియదన్నారు.

నీకు ఇవి చదవాలని లేకపోవచ్చు. కానీ నాకు రాయడానికి ఇంకెవరూ లేరు.

ఫెర్మీన్


దోలావోన్
అక్టోబర్ 6, 2024

ఫెర్మీన్,

తలుపు వెనకే ఉన్నాను, మేలో. నువ్వు మెట్టు మీద బూట్లు దులుపుకోవడం విన్నాను. గడియ మీద చెయ్యి ఉంది. తీయలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను. నువ్వు అడగకుండానే నీ తప్పు నాకు రాశావు, రేడియో సంగతి, అనుమానం సంగతి. అది చదివిన రోజే ఇది నీకు చెప్పాల్సింది. ఏడాది ఉంచుకున్నాను.

రొహేలియో గేటు దగ్గర నుంచి నేరుగా ఇంటికి రాలేదు. వెనక్కి తిప్పి, కంచె కొండ అంచుని ఆనుకునే చోట బండి ఆపి, దిగి, అంచు దాకా నడిచాడు. బోర్లా పడుకున్నాడట, గాలికి నిలబడలేక. నాన్న దుర్బిణి పెట్టి చూశాడు. ఒడ్డంతా నల్లగా పిల్లలు, అన్నాడు. మధ్యలో తెల్లబట్టల్లో ఒక్కడు, వంగుతూ లేస్తూ, వంగుతూ లేస్తూ. "మొహం కనపడలేదు. కానీ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేస్తున్నాడు, నాన్న దుంపలు తవ్వి లేచినట్టు. ఇంకెవడు అలా లేస్తాడు?"

గంటసేపు చూశాడట. పిలుద్దామనుకున్నాడు, గాలికి గొంతు అందలేదు.

వంటింట్లో కూర్చుని ఇదంతా చెప్పాడు. బాగా అలిసిపోయాడు, కానీ మనిషి తేలికగా ఉన్నాడు. "చచ్చినవాటిని కూడా ఒక్కోదాన్నీ ముట్టుకుని లెక్కపెడుతున్నాడు, ఒతీలియా. ఒక్కడే. వాడికి సాయానికి ఒక మనిషిని కూడా ఇవ్వలేదు వీళ్లు" అని ఆఫీసువాళ్లని తిట్టాడు. తర్వాత, "గేటు దగ్గర ఆపారు, ఎవరినీ పంపొద్దన్నాడు, వాడి గొంతు విన్నాను" అన్నాడు. నీకు నేను రాసిన మాటలు అవే. అక్షరం మార్చలేదు. కానీ అన్నప్పుడు నవ్వుతున్నాడు ఫెర్మీన్. "గొంతు ఏం మారలేదు వెధవకి, ఇంకా అదే పొగరు" అని నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది. నేను మాటలు రాశాను. నవ్వు రాయలేదు.

ఆ ఉత్తరం రాసిన రోజు నాకు ఎవరిమీదైనా తప్పు పెట్టాలనిపించింది. వెళ్తున్నాడని తెలిసీ ఆపనిది నేను. నీ ఏనుగుల ఉత్తరం మళ్లీ విప్పి చివరి పేరా అప్పుడే చదవనిది నేను. నీ మీద పెడితే నాకు కొంచెం ఊపిరాడింది. తర్వాత నీ జవాబు వచ్చింది. అంత నిజం రాసినవాడికి ఇది ఎలా చెప్పాలో తెలియక, చెప్పకుండా ఉండిపోయాను. రోజులు పోయేకొద్దీ కష్టమైంది.

నువ్వు క్షమించమని అడుగుతున్నట్టు నాలుగు ఉత్తరాలు రాశావు. అడగాల్సింది నేను.

ఒతీలియా


పుంతా సోలా
అక్టోబర్ 14, 2024

అక్కా,

నీ ఉత్తరం బాల్దోమేరో ముందే చింపి చదివాను. వాడు నా మొహం చూసి ట్యాంకర్ వెనక్కి పోయి పైపు సర్దుతున్నట్టు నిలబడ్డాడు.

కోపం వచ్చింది. దాచను. ఏడాది పాటు రోజూ గేటు దాకా నడిచి, అన్న ఎక్కడ నిలబడి ఉంటాడో చూసి వస్తున్నాను. శీతాకాలం అంతా. నువ్వు ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. నీ ఉత్తరం చదివాక కొండ అంచుకి పోయాను, కంచె ఆనుకునే చోటుకి. అక్కడ ఏమీ లేదు, ఉండదని తెలుసు. పడుకుని కిందకి చూశాను. అక్కడ నుంచి ఒడ్డంతా కనపడుతుంది. ఇరవై అయిదేళ్లుగా ఉంటున్నా ఆ చోటికి ఎప్పుడూ పోలేదు.

ఖాళీ రాళ్ల మీది మగది నిన్న పొద్దున్న నీళ్లలోకి దిగిపోయింది. నలభై నాలుగు రోజులు. దాని దగ్గరికి ఒక్క ఆడదీ రాలేదు. ఒడ్డు మొత్తం మీద ఈ ఏడాది పిల్లలు యాభై ఒకటి. ఇప్పటిదాకా అన్నీ బతికే ఉన్నాయి. కాగితంలో ఆ సంఖ్య రాసి సంతకం పెట్టి పంపాను.

నీకు క్షమించానని రాయలేను, నువ్వు నన్ను క్షమించావో లేదో కూడా నాకు తెలియదు. అది కాగితం మీద అయ్యే పని కాదనుకుంటాను.

నవంబర్ చివర్లో ఏనుగులు వెళ్లిపోయాక వస్తాను. తలుపు తియ్యి. వచ్చిన రోజు మాట్లాడకపోతే ఏమీ అనుకోకు. మర్నాడు మాట్లాడతాను.

ఫెర్మీన్